లింకు చివర ఊరి పేరు

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. తెలుగు చదవడం వయోజన విద్యా కేంద్రంలో వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు రేపల్లె రైల్లో తిరుగుతూ స్టేషను బోర్డుల మీద పట్టుకున్నాను. ఈనాటికీ ఏ మాటనైనా చివరి అక్షరం దాకా కూడబలుక్కోనిదే వదలను.

మా అప్పడాలు, వడియాల కోసం చెల్లెలి కూతురు వెబ్‌సైట్ పెట్టిన రోజులవి. బయట ఊళ్లలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు తెనాలి నుంచి మేము, బాపట్ల, రేపల్లెల నుంచి ఒక్కొక్కరు ఈమెయిళ్లు పంపేవాళ్లం. ఏ ఉత్తరం చూసి వచ్చారని కొనేవాళ్లను అడిగితే, "మీ వడియాలు తెలియనిదెవరికండీ!" అనేవారు. మర్యాదే గాని, జవాబు కాదు. అందుకని మా పిల్ల ప్రతి ఉత్తరంలో లింకు చివర ఊరి పేరు తగిలించింది. ఎవరు ఏ లింకు నొక్కినా ఆ ఊరి లెక్కలో పడుతుంది.

నెల తిరిగేసరికి తెనాలి ముందుంది, తర్వాత బాపట్ల. రేపల్లె సున్నా.

"ఆవిణ్ణి ఆపేద్దాం పెద్దమ్మా. జీతం దండగ."

రేపల్లెలో ఉత్తరాలు పంపే ఆమెకు ఇల్లు గడిచేది ఆ జీతంతోనే.

"సున్నా ఏంటే? ఆమె సొంత అన్నయ్యైనా నొక్కడా?"

"కంప్యూటరు అబద్ధం చెప్పదు."

"మనం చెప్పిందే చెబుతుందిగా," అని మర్నాడు పొద్దున్నే రైలెక్కాను.

రేపల్లె నెట్ సెంటర్లో ఆమె తను పంపిన ఉత్తరం తెరిచింది. లింకు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదువుకుంటూ పోయాను. చివర తెనాలి అని ఉంది.

"ఇదేంటమ్మా?"

"మీ తెనాలి ఉత్తరం నాకూ వచ్చిందిగా అక్కా. ఎంత బావుందో! ఊరి ముచ్చట్లు మార్చి, మిగతాదంతా ఉన్నదున్నట్టు దింపేశా. లింకు ముట్టుకుంటే పాడైపోద్దని భయమేసింది."

"లింకుకి కాదే, మా అమ్మాయికి భయపడాల్సింది. లింకు చివరి పేరును బట్టే లెక్క. రేపల్లె సున్నా అని నిన్ను తీసేద్దామంటోంది."

"అంటే నెల రోజుల నా కష్టం మీ లెక్కలో వేసుకున్నారా అక్కా!"

నవ్వొచ్చింది గాని, మాట నిజమే. పక్కన నిలబడి, లింకు చివర తెనాలి తీయించి రేపల్లె అని ఆమె చేతే టైపు కొట్టించాను. కలిసిపోయిన పాత లెక్క ఇక విడదీయలేం. ఇంకో నెల ఆగమని మా పిల్లకు గట్టిగా చెప్పాను.

ఆ నెల రేపల్లె బాపట్లను దాటింది. మా పిల్లే ఫోను తీసుకుని రేపల్లె ఆమెను అడిగింది: "పిన్నిగారూ, మళ్లీ ఉత్తరం ఎప్పుడు పంపుతున్నారండి?"