నర్సవ్వ జొన్నచేను, వలస గోరింకలు

ఆగస్టు చివరి గురువారం పొద్దున ఏడు కొట్టేలోపు నర్సవ్వ నలభై రాళ్లు విసిరింది. ఒక్కటీ పిట్టకు తగల్లేదు. తగలాలని ఆమె విసరలేదు కూడా. వడిసెలలోంచి రాయి బుయ్యిమని పోతే చాలు, వాలబోయిన పిట్ట లేచిపోతుంది. ఆ వడిసెలను మగ్గాల దగ్గర పారేసిన పాలిస్టర్ నూలుతో ఆమే పేనుకుంది.

సూరత్ శివారు డిండోలిలో మురికికాలువ ఒడ్డున ఐదు గుంటల ఖాళీ స్థలం అది. చెత్త పడకుండా, ఎవరూ గుడిసె వేయకుండా చూస్తే చాలని ఆసామి ఆమెకు వదిలాడు. జూన్ మొదట్లో ఆమె అందులో జొన్న చల్లింది. అంతకు ముందటేడు, 2020లో, లాక్‌డౌన్‌కు మగ్గాలు ఆగిపోయినప్పుడు నర్సవ్వ, ఆమె భర్త లింగమూర్తి యాభై రోజులు అన్నం పొట్లాల వరుసలో నిలబడ్డారు. ఒకరోజు ఫొటో సరిగా రాలేదని, పంచే మనిషి ఆమె చేతిలో పెట్టిన పొట్లాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చాడు. ఇంకోసారి ఆ వరుసలో నిలబడేది లేదని ఆమె ఆ రోజే తేల్చుకుంది. ఈ చేను పండితే అరవై డెబ్బై కిలోలు. ఇద్దరికీ నాలుగు నెలల రొట్టె. కంకి ఇప్పుడు పాలు పోసుకుంటోంది. పిట్టలకు నచ్చేది సరిగ్గా ఈ అదనే.

జగిత్యాల దగ్గరి పల్లెలో ఎనిమిదో ఏట ఆమె దొర చేలో మంచె ఎక్కింది. పెళ్లయి సూరత్ రైలెక్కేదాకా దిగలేదు. ఇక్కడ పాతికేళ్లుగా చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది గాని, కంటికి మంచె అలవాటు పోలేదు. ఒళ్లు గులాబి రంగు, తల నలుపు ఉండే ఈ గోరింకలను గుజరాతీలు వైయా అంటారు. నర్సవ్వ దొంగముండలు అంటుంది. ముందు నాలుగైదు వస్తాయి. అవి తిని పోయాయంటే ఒకటి రెండు రోజుల్లో గుంపు దిగుతుంది. అందుకని ఆ నాలుగింటిని ముక్కు తడుపుకోనివ్వకూడదు.

రాళ్లు అయిపోయాక ఆమె నూనె డబ్బా అందుకుని కట్టెతో వాయించింది. పక్కింటి భూదేవి కిటికీలోంచి అరిచింది.

"ఓ నర్సవ్వా, పొద్దుగాల్నే గా మోత ఏందే? మా ఆయన రాత్రి డ్యూటీ జేసి ఇప్పుడే పన్నడు!"

"కరోనా వచ్చిన కొత్తల పళ్లెం సొట్టబొయ్యేదాక కొడ్తివి, అది పోయిందా? నా డబ్బకు పిట్టలన్న పోతున్నయ్."

కిటికీ దడాలున మూసుకుంది. అప్పుడే చేను గట్టు మీద ఒక కుర్రడాక్టరు కనిపించాడు. పేరు సాయిచరణ్, గుంటూరు వైపు మనిషి. కాపురం సూరత్‌లోనే అడాజన్‌లో, పని ప్రైవేటు ఆస్పత్రిలో. తీరిక దొరికితే ఎక్కడ ఏ పిట్ట కనిపించిందో చూసి, లెక్కపెట్టి, పక్షిప్రియుల గ్రూపులో జాబితా పెడతాడు. అతను మెడలో కెమెరా సర్దుకున్నాడు.

"అమ్మా, కాసేపు ఆ డబ్బా ఆపండి. అవి మూడు వేల కిలోమీటర్లు ఎగిరి వస్తాయి. అలిసిపోయి ఉంటాయి, తరమకండి."

"యాడికెల్లొస్తే నాకేంది సారు? పోయినేడు మావోళ్లు నడుసుకుంట ఊర్లకు పోతాంటె లాఠీలతోని తరిమిండ్రు. గప్పుడెవ్వడన్న తరమకుండ్రి అన్నడా?"

"దానికీ దీనికీ ఏం సంబంధమండీ?"

"నీకు లేదు. జర పక్కకు జరుగు, రాయి తగుల్తది."

అతను జరగలేదు. ఆమె ఒక రాయి అతని తలకు బారెడు పైనుంచి పోనిచ్చింది. అతను జరిగాడు.

ఆ గొడవలో చేనుకు అటువైపు ఐదు గోరింకలు నింపాదిగా తినిపోయాయి. శనివారం వందకు పైగా దిగాయి. నర్సవ్వ ఈసారి గురిచూసి విసిరింది. ఒకటి పడింది. దాని కాళ్లకు దారం కట్టి, చేను నడుమ వెదురు గడకు తలకిందులుగా వేలాడదీసింది. మంచె మీద నేర్చిన పనే. ఒక్కటి వేలాడితే మిగతావి ఆ చేను ఛాయలకు రావు. ఆదివారం గుంపు వచ్చింది, రెండు చుట్లు తిరిగింది, వాలకుండానే వెళ్లిపోయింది.

గుంపును చూద్దామని సాయిచరణ్ ఐదుగురు మిత్రులతో వచ్చాడు. వాళ్లకు కనిపించింది గడకు వేలాడుతున్న పిట్ట.

"ఇది మీరే చంపారా?"

"నేను గాక నువ్వు సంపినవా? ఒకటి సచ్చింది, తతిమ్మయి బతికి పోతున్నయ్. నా జొన్నలూ బతికినయ్. లెక్కలు జేస్తవు గద, చెయ్యి."

"ఇది నేరం. కేసవుతుంది."

"అయితె కానియ్యి."

అతను వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. గ్రూపులో ఎవరో ఫిర్యాదు చేశారు. సోమవారం సాయంత్రం అటవీ శాఖ మనుషులు ఇద్దరు వచ్చి, గడ దించి, పిట్టను సాక్ష్యంగా పాలిథిన్ సంచిలో వేసుకున్నారు. మర్నాడు పది గంటలకు ఆఫీసుకు రమ్మన్నారు. గది కిరాయి కాగితం లింగమూర్తి పేరున ఉంది కనుక అతనూ రావాలన్నారు.

గడ ఖాళీ అయింది. కాపలా లేకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ రాత్రి నర్సవ్వ వెళ్లి భూదేవి ఇంటి తలుపు కొట్టింది.

"రేపొక్క పూట డబ్బ కొట్టు, భూదేవీ. మళ్లీ నిన్ను అడగ."

"ఆఁ, నాకు పని లేదా? నీ మీద కేసు, ఇగ నేను గా చేన్ల నిలవడితె నన్నూ గుంజుకపోతరు."

"పండినంక ఓ పదిశేర్లు నీకే..."

"నీ జొన్నలు నువ్వే తిను."

మంగళవారం ఎనిమిదింటిదాకా నర్సవ్వ చేలోనే ఉండి, తర్వాత భర్తతో బస్సెక్కింది. ఆఫీసు గేటు దగ్గర టీకా సర్టిఫికెట్ చూపమన్నారు. ఆమె టీకా మెసేజ్ ఉన్న ఫోను లింగమూర్తి ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి వచ్చాడు. అతను పోయి తెచ్చేసరికి పన్నెండున్నర.

"నీ యవ్వ, ఒక్క పిట్టకు ఇంత లొల్లా?" అన్నాడతను చెమట తుడుచుకుంటూ. "వద్దే వద్దే అంటె విన్నవా?"

"రొట్టె తినేటప్పుడు వద్దనలే నువ్వు."

లోపల పెద్దగా ఏమీ జరగలేదు. మళ్లీ చంపితే కేసు పెడతామని గుజరాతీలో రాసిన కాగితం మీద ఆమె చేత వేలిముద్ర వేయించుకుని పంపేశారు. ఇల్లు చేరేసరికి మూడు దాటింది. జొన్నకర్రలు నిలబడే ఉన్నాయి. కంకులు మాత్రం చీపురుకట్ట చివరి ఈనెల్లా పీచుగా మిగిలాయి. ఆమె గట్టు మీద కూర్చోలేదు, ఏడవలేదు. కొడవలి తెచ్చి, పాక మీద కప్పుకునేవాళ్లకు అమ్ముదామని కర్రలు కోయడం మొదలుపెట్టింది.

సాయంత్రం పక్షిప్రియుల గ్రూపులో సాయిచరణ్ జాబితా వచ్చింది. డిండోలి కాలువ ఒడ్డు, ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర. ఎలాంటి అలజడీ లేదు. గులాబి గోరింకలు: 1,800.