జారిన కొస

మా సాలెవాడ కులపెద్ద మల్లయ్యగారి సతీమణి రాజవ్వ మొన్న పొద్దున కన్నుమూసింది. ఆ వార్త విని నిశ్చేష్టుణ్ణై మగ్గం గుంతలోనే కూర్చుండిపోయాను. ముందురోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చి, నా నేతలో లోపం పట్టి, నలుగురూ వినేట్టు తిట్టి వెళ్ళింది. ఆ గొంతు ఇక వినిపించదంటే నమ్మబుద్ధి కావడం లేదు.

పోయినవారిని పుణ్యమూర్తి, శాంతమూర్తి అనడం ఆనవాయితీ. పుణ్యమూర్తి అంటే ఒప్పుకుంటాను. శాంతమూర్తి అంటే ముందు ఆమే నవ్వుతుంది. వరసకు ఆమె నాకు పెద్దవ్వ. నిజానికి ప్రాణదాత.

నిజాం పాలన పోయిన తొలినాళ్ళలో నేత సాగక నేను బెల్లంపల్లి బొగ్గుబావికి పోయాను. అక్కడ విషజ్వరం వస్తే తోటి కార్మికుడు గంగారాం తల్లి నన్ను తన గుడిసెలో ఉంచుకుని కన్నకొడుకులా సాకింది. మావాళ్ళు చేతినీళ్ళు ముట్టని కులం ఆమెది. తిరిగొచ్చాక ఒక పెళ్ళి బంతిలో కూర నోట పెట్టుకుని, "గంగారాం అవ్వ వండిన కూర ముంగట గిదేం కూర!" అన్నాను. ఆమె ఎవరని పక్కాయన అడిగాడు. తిండి యావలో కులంతో సహా చెప్పేశాను. బంతి బంతంతా విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయింది.

పంచాయతీ కూర్చుంది. తిన్నది పాపపు కూడని ఒప్పుకుని మొక్కితే చాలన్నాడు మల్లయ్య. బతికించిన తల్లి అన్నాన్ని అంతమాట అనడానికి నాకు నోరు రాలేదు. వెలివేశారు. నాకు ఎవరూ నిప్పు ఇవ్వకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, నా పడుగు పట్టకూడదని కట్టు పెట్టారు.

నాకు జ్వరం లేదు, నొప్పి లేదు. అయినా అన్నం సహించదు, కన్ను మూతపడదు. వాడంతా మగ్గాల చప్పుడు వింటూ, నేనింకా బతికే ఉన్నానా అని అనుమానపడేవాణ్ణి. ఎవరైనా తిట్టినా బాగుండునని ఎదురుచూసేవాణ్ణి. నా భార్య లచ్చవ్వ ఇంట్లో తాళ్ళు దాచడం మొదలుపెట్టింది. చివరికి ఆమే అన్నది, "గిట్లనే కూసుంటే నువ్వు నాకు దక్కవు. పడుగు సాపు, ఒక పక్క నేను పడుత."

పడుగు నూలును బజారు పొడవునా సాచి గంజి పెడతాం. ఆ గంజి ఆరేలోపు రెండు పక్కల నుంచీ కుంచెలతో దువ్వాలి. లేకుంటే పోగులన్నీ అతుక్కుపోయి నూలు దేనికీ పనికిరాదు. ఇద్దరితో అయ్యే పని కాదు కనుక ఎవరి పడుగైనా వాడంతా పడుతుంది. ఆ పొద్దున మాత్రం వాడంతా అరుగులెక్కి చూస్తూ నిలబడింది. ఎండ ఎక్కుతోంది. నేనొక పక్క, లచ్చవ్వ ఒక పక్క పరుగులు పెడుతున్నాం. నడుమ పోగులు అప్పుడే బిగుసుకుంటున్నాయి.

అప్పుడు రాజవ్వ తన ఇంటి కుంచె పట్టుకుని బజారులోకి దిగింది.

"ఏయ్, యాడికి? కట్టు సంగతి ఎరుకలేదా?" అని అరుగు మీది నుంచి మల్లయ్య అరిచాడు.

"కట్టు మనిషికి పెట్టిండ్రు. పడుగుకు పెట్టిండ్రా?"

"ఇంకో అడుగేస్తే మల్ల నా ఇంట్లకు రాకు."

ఆమె ఆగింది. పిల్లలు లేరు, పుట్టింట ఎవరూ మిగల్లేదు. ఆ ఇల్లు తప్ప ఆమెకు దిక్కు లేదు. అయినా ఆమె వెనక్కి చూడకుండా వచ్చి దువ్వడం మొదలుపెట్టింది.

ఇంతలో అటు కొసన గుంజకు కట్టిన తాడు జారింది. తడి పడుగు దుమ్ములోకి వాలుతోంది. అది మల్లయ్య అరుగు ముందే. మాకు అందేంత దగ్గరలో లేదు. "కొస జారుతాంది, పట్టు!" అని రాజవ్వ కేక వేసింది. పుట్టిననాటి నుంచి నూలు పట్టిన చేతులు కదా, ఆలోచించేలోపే ముందుకు పోయాయి. వెలివేసిన కులపెద్దే నా పడుగు పట్టుకున్నాడు! పట్టుకున్నాక గానీ ఏం చేశాడో ఆయనకు తెలియలేదు. వదిలితే నూలు మట్టిపాలు, పట్టుకుంటే తన కట్టు తనే తప్పినట్టు. ముఖం కందగడ్డ చేసుకుని నిలబడ్డాడే గాని వదల్లేదు. "ఏం జూస్తుండ్రు? రాండ్రి, గంజి ఆరుతాంది" అన్నాడు. కొందరు దిగారు. కొందరు లోపలికి పోయి తలుపులు వేసుకున్నారు. ఆ మధ్యాహ్నం నేను కడుపునిండా తిని పడుకున్నాను.

రాజవ్వను ఇంట్లోకి రావద్దన్న మాట మల్లయ్య మళ్ళీ ఎత్తలేదు. కట్టు తీసినట్టు మాత్రం ఎవరూ చెప్పలేదు. తలుపులు వేసుకున్నవాళ్ళు రాజవ్వ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నా మూలంగానే కదా అని నేను బాధపడితే, "ఫికర్ జెయ్యకు కొడుకా. ఆళ్లు నా ఇంటికి రాకుంటే నేనే ఆళ్లింటికి పోత. తిట్టుకుంటనన్న పోత" అన్నది. అన్నట్టే వాళ్ళ ఇళ్ళలో పురుళ్ళకు పిలవకుండానే వెళ్ళింది, తిట్టుకుంటూనే.

మొన్న పాడె ఎత్తే వేళ నేను దూరంగా నిలబడ్డాను. పాడె మోయవలసింది కులస్తులే. నా మీది కట్టు ఇంకా ఉన్నట్టో లేనట్టో నాకే తెలియదు. ఆనాడు తలుపు వేసుకున్న ఇంటాయన ఒకరు నా వంక చూసి గొంతు సవరించుకున్నాడు. అందరూ ఆగారు. ముందు నిప్పుకుండ పట్టుకున్న మల్లయ్య నా వైపు తిరిగాడు.

"సత్తయ్యా, ఏం జూస్తున్నవు?" అన్నాడాయన. "కొస జారుతాంది, పట్టు."

పట్టాను.

పెద్దవ్వా, నీ లోటు ఈ వాడకు తీరేది కాదు. నీ దినకర్మ కాగానే మా పడుగు సాపుతున్నాం. ఆ తలుపు వేసుకున్నాయన, తానూ వస్తానని శ్మశానం నుంచి తిరిగొస్తూ నాతో చెప్పాడు. అందరూ ఉంటారు పెద్దవ్వా. నువ్వే ఉండవు.