మరుపు సూది

మార్కాపురంలో ఫార్మసీ పీజీ చేసేటప్పుడు నా ప్రాజెక్టు సరస్వతి ఆకు మీద. ఆ ఆకు సారం తాగితే ఎలుకలకు జ్ఞాపకశక్తి పెరుగుతుందేమో చూడాలి. తెల్ల ఎలుకను గుండ్రటి నీళ్ళ తొట్టిలో వదుల్తాం. నీళ్ళ కింద కనపడకుండా ఒక చిన్న పీట ఉంటుంది. ఈదుకుంటూ దాన్ని వెతుక్కోవాలి. కొన్నాళ్ళకు దారి గుర్తుపెట్టుకుంటుంది. అప్పుడు మరుపు తెచ్చే సూది వేసి మళ్ళీ వదుల్తాం. ముందునుంచీ సారం తాగిన ఎలుకలు, తాగనివాటికంటే తొందరగా పీట ఎక్కితే ఆకు పనిచేసినట్టు.

ఆకు తెచ్చిచ్చింది మా నాయనే. మాది పెద్దారవీడు పక్కన పల్లె. గొర్రెలు మేపుతూ వాగు తేమలో కోసుకొచ్చేవాడు. ఆ ఏడే ఆయనకు మరుపు మొదలైంది. ఒకరోజు మంద ఇంటికొచ్చింది, నాయన రాలేదు. వెతుక్కుంటూ పోతే బాట పక్కన రాయి మీద కూర్చొని ఉన్నాడు.

"ఎటు పోవాల్నో తోచలేదు పాపా" అన్నాడు. పుట్టినప్పటి నుంచి తిరిగిన బాట అది.

ఇక నాకు కుదురు లేకుండా పోయింది. ల్యాబులో ఉంటే మనసు ఇంటి మీద, ఇంట్లో ఉంటే ల్యాబు మీద. పీట దొరక్క ఎలుక తొట్టి అంచు వెంబడే తిరుగుతుంటే, రాయి మీద కూర్చున్న నాయనే కళ్ళ ముందు మెదిలేవాడు.

"ఎలుకలకు పోసేది మీ నాయనకు ఒక గుక్క పోస్తే ఏం పోతుంది?" అని అమ్మ రోజూ పోరుపెట్టేది.

"అట్ల పోయకూడదమ్మా. ఎలుకలకే ఇంకా ఏమీ తేలలేదు."

నాయన నవ్వినాడు. "ఎలుకకు సూది వేసింది మీరు. మరి నాకెవరు వేసినారు పాపా?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఎలుకకు మరుపు ఎందుకొచ్చిందో మాకు తెలుసు. నాయనకు ఎందుకొచ్చిందో ఎవరమూ చూడలేదు. వయసులే అనుకున్నాం. మరుసటి రోజే ఒంగోలు బస్సెక్కించినాను. దారి పొడుగునా "మందను ఎవరు తోలుకుపోయినారు?" అని అడుగుతానే ఉన్నాడు.

రక్తపరీక్షలో థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని తేలింది. "మతిమరుపు దీనివల్ల కూడా వస్తుందమ్మా. మాత్ర మొదలుపెట్టి చూద్దాం" అన్నాడు డాక్టరు.

ఎప్పుడు తగ్గుతుందా అని నాకు ఆత్రం. పొద్దున ఏం తిన్నావు, నిన్న ఎవరొచ్చినారు అని అడిగి అడిగి విసిగించినాను.

"ఏంది పాపా, నేనేమన్నా ఎలుకనా?" అని కసిరినాడు ఒకరోజు. ఆ కసురు విని పాణం లేచొచ్చింది.

నెలలు గడిచే కొద్దీ తెరిపిన పడినాడు. మందతో మళ్ళీ ఒక్కడే పోతున్నాడు. నా ఎలుకల్లోనూ సారం తాగినవే కొంచెం ముందు పీట ఎక్కినాయి.

ఊళ్ళో మాత్రం నాయనకు ఆకుతోనే నయమైందని చెప్పుకుంటున్నారు. పదో తరగతి పిల్లల తల్లులు గిన్నెలు పట్టుకొని వస్తున్నారు. మాత్రతో తగ్గిందక్కా అంటే ఎవరూ వినరు. మొన్న చూస్తే అమ్మే వాకిట్లో చాట నిండా ఆకు ఆరబోస్తోంది.