చూపు కాయల మీద పెట్టు

రాయదుర్గం అక్కకు,

అయిదో తరగతితో చదువు ఆగినదాన్ని. అక్షరాలు వంకర, తప్పులు కూడా ఉంటాయి, మన్నించండి. మంగళవారం పొద్దున మీ అమ్మ పోయినారని కొళాయి కాడ విన్నాను. బిందె అక్కడే పెట్టి మీ ఇంటికి పరిగెత్తినాను. "ఆ యేడు ఎండాకాలం మా అమ్మ వారం వారం బస్సెక్కి యాడికి పోయేది?" అని మీరు అడిగినారు. అంతమందిలో చెప్పే సంగతి కాదు, అందుకే రాస్తాండాను.

మా ఆడబిడ్డకు, ఇంట్లో పాప అంటాము, అప్పుడు పదహారేండ్లు. లావైపోతానని భయపడి తిండి తగ్గించి తగ్గించి పడిపోయింది. ఎముకలే మిగిలినా ఆ భయం పోలేదు. బెంగళూరు ఆసుపత్రిలో చేర్చినాము. తినకపోతే గుండె ఆగిపోతుందన్నారు డాక్టరమ్మ. చూడను వచ్చినోళ్లంతా "పెండ్లి చేయండి, అదే తింటుంది" అనేవాళ్లు. మీ అమ్మ పాపను ఏమీ అనలేదు. అత్త పక్కన కూచొని, "ఏమ్మే, నువ్వు తింటివా?" అన్నారు.

అత్త తినలేదు. పాప తిన్నాకనే తింటానని మొక్కుకొన్నారు.

"బిడ్డకు జబ్బు, పొగరు కాదు. నీకేమొచ్చిండాది? నువ్వూ పడితే నీ మొగుడు ఇంకో మంచం యాడ తెస్తాడు? మొక్కు తప్పిన పాపం నాకే రానీ." రొట్టె తుంచి అత్త చేతిలో పెట్టినారు. వరండాలో ఒంటరిగా నిలబడిన మామను కూడా పిలిచి తినిపించినారు.

పాప తినేటప్పుడు తాను పక్కనుంటానని, మమ్మల్ని బతిమాలొద్దని, ముద్దలు లెక్కబెట్టొద్దని నర్సమ్మ చెప్పింది. అత్తకు చూపు తిప్పుకోవడం చేతకాలేదు. పాప తలెత్తితే అత్త కండ్లే. ప్లేటు తోసేసేది.

మరుసటి వారం మీ అమ్మ చెనిక్కాయల మూటతో దిగినారు. విత్తే కాలం దగ్గరపడిందని, ఊర్లో కాయలు ఒలిచే మనుషులే దొరకలేదని నర్సమ్మకు అబద్ధం చెప్పినారు. మమ్మల్ని ముగ్గురినీ గోడవైపు తిప్పి కింద కూచోబెట్టినారు.

"గుడ్లగూబ మాదిరి చూస్తాంటే నాకైనా ముద్ద దిగదు మే. చూపు కాయల మీద పెట్టు. విత్తనం పప్పు, చీలిందంటే మొలకెత్తదు!"

"నీతో పెద్ద తంటా వదినా" అని మామ నవ్వినారు. ఆసుపత్రికి వచ్చినాక ఆయన నవ్వడం అదే మొదలు.

పాప ఇంటికి రావడానికి మూడు నెలలు, నెమ్మది కావడానికి రెండేండ్లు పట్టింది. మధ్యలో మళ్లీ ఒకసారి చేర్చినాము కూడా. మీ అమ్మ ప్రతిసారీ వచ్చినారు.

ఆయమ్మను తలుచుకుంటే నాకు ఒక మధ్యాన్నమే కనిపిస్తుంది. మా వెనకాల ప్లేటుకు చెంచా తగిలిన చప్పుడు. కాసేపటికి మళ్లీ. అత్త తిరగబోతే ఆమె మణికట్టును మీ అమ్మ గట్టిగా పట్టుకొన్నారు. మూడోసారి చెంచా చప్పుడైంది. మీ అమ్మ కండ్లలోనుంచి నీళ్లు కారి గదమ నుంచి ఒడిలోకి పడతాండాయి. తుడుచుకోలేదు. చెయ్యి పైకి లేస్తే పాప చూస్తుందని, తల వంచుకొని అట్లే కూచున్నారు.

ఇది పాప చెప్పుకోవాల్సిన సంగతి, నాది కాదు. చదివినాక ఈ కాగితం పొయ్యిలో వేసేయండి అక్కా.