టెంక తెల్లబడేదాకా

ఏడాదిగా తెనాలిలో మా పూర్ణచంద్రరావు బాబాయి చేతికి చిక్కిన పండు ఏదీ పరువుతో బయటపడలేదు. ముందు తినేస్తాడు. మామిడి అయితే టెంక తెల్లబడేదాకా చీకుతాడు. ఆ తర్వాత మూతి తుడుచుకుని తీర్పు చెబుతాడు: "గడ్డి!"

పండ్ల బండి యలమందకు ఆయన్ని చూస్తే గుండెదడ.

"సపోటా ముక్క చూడండి మాస్టారూ, పటికబెల్లం!"

బాబాయి రెండు ముక్కలు తిని, మూడోది అడిగి మరీ తిని, పక్కన సంచీ పట్టుకుని ఓ ముక్క నములుతున్న మా శేషారత్నం పిన్ని వైపు తిరిగేవాడు.

"గడ్డి. కదా శేషా?"

"అవునండి, చప్పగా ఉంది."

"మెల్లగా అనండి మాస్టారూ, బేరాలు పోతాయి!"

"నిన్నేం అనట్లేదయ్యా, కాలాన్ని అంటున్నా. మందులేసి మాగేస్తే రుచెక్కణ్ణుంచి వస్తుంది?" అని రెండు కిలోలు కొనేవాడు. బాపట్లలో ఓ పెళ్లికెళ్లి అక్కడి పుచ్చకాయను తిడితే, పెళ్లివారు ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడరు.

నాకు పౌరుషం వచ్చింది. చెరుకుపల్లిలో స్నేహితుడి తోట నుంచి చెట్టున పండిన రసాలు తెచ్చాను. బాబాయి ఒకటి చీకాడు. కళ్లు మూతపడ్డాయి. మోచేతిదాకా కారిన రసాన్ని కూడా వదల్లేదు. ఇంతలో పిన్ని కాఫీ తెచ్చింది.

"గడ్డి!" అన్నాడు ఉలిక్కిపడి.

నాకు ఒళ్లు మండింది. పిన్ని లోపలికి వెళ్లగానే నిలదీశాను. బాబాయి గొంతు తగ్గించాడు.

"పోయినేడు జ్వరం వచ్చినప్పట్నుంచి మీ పిన్నికి రుచి తెలియట్లేదురా. ఓరోజు అరటిపండు కొరికి, 'నా నాలుక చచ్చిపోయిందాండీ?' అని ఏడ్చింది. కంగారులో, 'నీ నాలుక్కేం, పండే గడ్డి' అనేశా. ఒకసారన్నాక ఊళ్లో ప్రతి పండునీ అనాలి కదా!"

"మరి కూర చప్పగా ఉందంటే?"

"కూరగాయలు కూడా గడ్డేరా!"

బాబాయి మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టింది.

నెల తిరక్కుండా, రేపల్లె బస్టాండులో ఎవడో తేనె అని నమ్మించి అంటగట్టిన మామిడిపండ్లు పట్టుకెళ్లాను. పిన్ని ఓ ముక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"ఏంట్రా ఇది, ఇంత పుల్లగా ఉంది?"

బాబాయి కుర్చీలోంచి లేచాడు. "ఏమన్నావ్ శేషా? మళ్లీ అను!"

"పుల్లగా ఉందండీ!"

బాబాయి ఓ పండు అందుకుని టెంకదాకా తిన్నాడు. పళ్లు జివ్వుమన్నాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమృతం!" అన్నాడు. ఏడాదిలో ఆయన మెచ్చుకున్న పండు అదొక్కటే.

అవే ఇంకో నాలుగు కిలోలు తెస్తానని ఆయన రేపల్లె బస్సుకు పరిగెత్తాక పిన్నిని అడిగాను. "పండ్లదే తప్పని నువ్వు నిజంగా నమ్మావా పిన్నీ?"

"టెంక తెల్లబడేదాకా చీకి గడ్డి అంటే ఎవరు నమ్ముతార్రా?" అని నవ్వింది. "అంత కష్టపడి చెబుతుంటే కాదనబుద్ధి కాలేదు. తేనీలే, పప్పులో వేస్తా. ముందు యలమందకి ఓ గిన్నెడు పంపాలి. పాపం, ఏడాదిగా నా కోసం తిట్లు తిన్నాడు."