బఠాణీల జర్మన్ మీద నా అనుమానం

రెండు వేల తొమ్మిదిలో, అమెరికాలో మొక్కల జన్యుశాస్త్రం చదువుతున్నప్పుడు, సెమినార్‌లో మాట్లాడటానికి నా వంతుకి ఒక పాతకాలపు జర్మన్ శాస్త్రవేత్త కథ వచ్చింది. ఆయన బఠాణీలను సంకరం చేసి, తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఏ లెక్కన వస్తాయో కనిపెట్టాడు. ఒకనాటి తెల్లవారుజామున పక్కమీద ఉండగా అది మెరుపులా తట్టిందని చెప్పుకున్నాడు. తీరా చూస్తే అంతకు ముప్పై అయిదేళ్ళ ముందే ఒక క్రైస్తవ సన్యాసి అదంతా రాసిపెట్టాడు. ఈయనా పెద్దమనిషిలా తన వ్యాసం పేరులోనే సన్యాసి పేరు పెట్టాడు. కానీ చాలాకాలం తర్వాత ఎవరో ఈ జర్మన్ నోట్సు తిరగేస్తే, ఆ మెరుపుకి కొన్నేళ్ళ ముందే సన్యాసి వ్యాసం చదివాడని బయటపడింది.

"చదివి, ఏమీ ఎరగనట్టు నటించాడు," అని క్లాసులో తేల్చిపారేశాను.

"మర్చిపోయి ఉండొచ్చుగా?" అన్నాడు ప్రొఫెసర్.

తన చేత్తో రాసుకున్నది ఎవరైనా మర్చిపోతారా, నా మొహం!

అసలు ఆ రోజుల్లో నేనే ఒక అనుమానాల పుట్టని. ఆ ప్రొఫెసర్ ల్యాబ్‌లోనే మేం ఇద్దరం, నేనూ కరీంనగర్ నుంచి వచ్చిన జూనియరూ. వచ్చే సెమిస్టర్‌కి ఫీజు కట్టి జీతమిచ్చే అసిస్టెంట్‌షిప్ ఒక్కరికే. అది రాకపోతే నా చదువు ఆగుతుంది, దాంతోపాటే వీసా. అతని పరిస్థితీ అదే, కానీ ఆ సంగతి నాకు పట్టలేదు. అతను ఫోన్‌లో గొంతు తగ్గిస్తే నా గురించేనని అనుకునేదాన్ని. నేను రాగానే ల్యాప్‌టాప్ మూస్తే ఒళ్ళు మండేది.

గ్రీన్‌హౌస్‌లో మేం సంకరం చేసిన మిరప పూలు కాయ కట్టకుండానే రాలిపోతుండేవి. నేను కుండీలను హీటర్ దగ్గర్నుంచి తీసి, తలుపు వైపు చల్లగా ఉన్నచోట పెట్టాను. పూలు నిలిచాయి. వారం తిరక్కుండా ల్యాబ్ మీటింగ్‌లో జూనియర్ ఆ ఉపాయం తనదన్నట్టు చెప్పాడు. మీటింగ్ అయ్యాక అతని ముందే ప్రొఫెసర్‌తో, "అది నా ఐడియా. ఇతను కాపీ కొట్టాడు," అన్నాను. అతను తల వంచుకుని నిలబడ్డాడు. తప్పు ఒప్పుకున్నట్టే లెక్క అనుకున్నాను. ప్రొఫెసర్ మాత్రం ఎటూ తేల్చలేదు.

"రేపు నీ నోట్‌బుక్ పట్టుకురా. తేదీ చూద్దాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పేజీలు తిప్పాను. కుండీలు జరిపిన రోజుకి నెల ముందు పేజీలో, అంచున, తెలుగులో నా చేతిరాత: "జూనియర్ సలహా. కుండీలు తలుపు వైపు పెట్టి చూడాలి." ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా అది రాసిన గుర్తు లేదు. అబద్ధమెందుకు, చింపేద్దామని పేజీ కొస పట్టుకున్నాను కూడా. సిగ్గేసింది. ముందు అతని దగ్గరికే తీసుకెళ్ళి చూపించాను.

"తెలుసక్కా. నువ్వు రాసేటప్పుడు పక్కనే ఉన్న."

"మరి నిన్న సార్ ముందు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్ముతుంటివా?"

నమ్మేదాన్ని కాదు. ఆ మాటే అతనితో అని, పేజీ తెరిచి పట్టుకుని ప్రొఫెసర్ గదికి వెళ్ళాను. అసిస్టెంట్‌షిప్ అతనికే వచ్చింది.