కొలువులో లేవని ఓబిరి

ఓబిరి గొప్పల్లోకెల్లా గొప్ప ఏంటంటే, కొలువు మధ్యలో లేవకపోవడం. కుమాసి పట్నం దగ్గర వాళ్ల ఊరి రాజు మాటని జనానికి చెప్పేది ఆయనే. బంగారు పిడి కర్ర పట్టుకుని పొద్దున కూచున్నాడంటే పొద్దుగూకేదాకా కదిలేవాడు కాదు. ఏ పెద్దమనిషైనా ఒంటేలుకి లేస్తే చాలు, "ఏరా, నీది ఉచ్చబుడ్డా, చిల్లుకుండా?" అని అందరి ముందూ పరువు తీసేవాడు. అదేదో పెద్ద విద్య అయినట్టు!

చివరికి ప్రోస్టేట్ వాచి ఉచ్చ ఆగిపోయింది. ట్యూబు వేయించుకుని కుమాసి ఆస్పత్రికెళ్తే, డాక్టర్ నార్టే చెప్పాడు:

"పెద్దాయనా, అడ్డమొచ్చిన గడ్డని లేజర్‌తో తీసేస్తాం. ముందు మీ బ్లాడర్‌కి నెట్టే బలం ఉందో లేదో టెస్ట్ చేయాలి."

"నా బ్లాడర్‌కి టెస్టా? ఊరంతా లేచినా నేను లేవను, తెలుసా?"

"అదే నా భయం. నిండినా మీకు తెలియట్లేదేమో. కండ సాగిపోయి ఉంటే, దారి తీసినా ఫలితం అంతంతమాత్రమే."

"నువ్వు నీ లేజర్ సంగతి చూసుకోవయ్యా!"

లేజర్ శుభ్రంగా పనిచేసింది. ట్యూబు తీశాక ఓబిరి బాత్రూంలో నిలబడి మూలిగాడు, ముక్కాడు. నాలుగు చుక్కలు. స్కాన్ చేస్తే సగానికి పైగా లోపలే ఉంది. దారి బార్లా తెరుచుకుంది, నెట్టే కండే చచ్చుబడింది. కొన్నాళ్లకి కాస్త కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు, అప్పటిదాకా పూటకి రెండుసార్లు సన్న గొట్టం పెట్టి తీసుకోమని నేర్పించి పంపారు.

"ఆ కుర్ర డాక్టర్ నన్ను నాశనం చేశాడు" అని ఊరంతా చాటాడు. టెస్ట్ వద్దన్న ముక్క మాత్రం మింగేశాడు.

పండగకి ముందు రాజుగారి మనిషి అడొమాకో వచ్చాడు. "ఆదివారం పండగ కొలువులో కర్ర పడతావా? లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు మన రాజుగారు నానా."

"పడతాడు" అంది పెళ్లాం సెర్వా. "మధ్యలో రెండుసార్లు లేచొస్తాడు, అంతేగా."

"లేవడమా! నేనా! అంతమందిలోనా?"

"నానాయే లేస్తారు కదయ్యా" అన్నాడు అడొమాకో.

"అందరూ నవ్వుతారు."

"నీలా నవ్వేవాడు ఊళ్లో ఇంకెవడున్నాడు?" అంది సెర్వా.

ఓబిరి మొహం గంటు పెట్టుకుని లోపలికెళ్లాడు. కర్ర తెచ్చి అడొమాకో ఒళ్లో పెట్టాడు. "రాజీపడి కూచునే రకం కాదు నేను" అన్నాడు, త్యాగం చేస్తున్నవాడిలా.

"దాని గుడ్డ తొడుగు కూడా ఇచ్చెయ్" అంది సెర్వా, పెండలం ముక్కలు కోసుకుంటూ. "ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటాం?"